నాలుగు ఆటల తూకం

మా ఇంట్లో బరువు చూసుకునే మిషను నేను కొన్నది నా బరువు తెలుసుకోవడానికి కాదు. నా బరువు నాకు తెలుసు. కృష్ణానగర్ ఆటోవాళ్లకి కూడా తెలుసు. షేరింగ్ ఆటోలో నేనొక్కణ్ణి ఎక్కితే ఇంకొకరి కోసం ఆగకుండా బండి కదిలించేవాళ్లు. మిషను కొన్నది నాకూ మా మిత్రుడికీ తేడా ఎంతో తెలుసుకోవడానికి. వాడి బరువు వాడే చెప్పేవాడు, అడక్కపోయినా.

మేమిద్దరం సినిమాల్లో చిన్న వేషాలు వేసేవాళ్లం. నేను కోస్తా నుంచి ఎమ్మే పట్టాతోనూ, వాడు వరంగల్ వైపు నుంచి ఏ పట్టా లేకుండానూ వచ్చి కృష్ణానగర్‌లో ఒకే గదిలో ఏళ్ల తరబడి ఉన్నాం. ఇద్దరం లావే. లావుపాటివాళ్లకి అప్పట్లో పని కరువుండేది కాదు. పెళ్లి సీన్లో వంటవాడు, బస్సు సీటు చాలని ప్రయాణికుడు, దొంగ వెనకాల పరుగెత్తలేని కానిస్టేబులు. నేనే చాలామంది దొంగల్ని వదిలేశాను.

నాకు పెళ్లయ్యాక వెంగళరావు నగర్‌కి మారాను. వాడు ఆ గదిలోనే ఉండిపోయాడు. అయినా పొద్దున్నే ఫిల్మ్‌నగర్‌లో ఒక టీకొట్టు దగ్గర కలిసేవాళ్లం. పని ఉన్న రోజు ఎక్కడికి వెళుతున్నామో చెప్పుకునేవాళ్లం, లేని రోజు ఎక్కడికో వెళుతున్నట్టు చెప్పుకునేవాళ్లం.

ఆ ఏడు నాకు హీరో బావ వేషం దొరికింది. మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా ఉండే వేషం. అలాంటిది అంతకు ముందు రాలేదు, ఈసారి చెడగొట్టుకుంటే మళ్లీ రాదని కూడా తెలుసు. మేకప్ టెస్టుకి మా ఇద్దర్నీ పిలిచి నన్ను తీసుకున్నారు. "నీకొస్తే నాకొచ్చినట్టే బై" అన్నాడు వాడు. చాలా బాగా అన్నాడు. నటనలో వాడు ఎప్పుడూ నాకన్నా ఒక మెట్టు పైనే.

జూబిలీ హిల్స్‌లో ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని మొదటి షెడ్యూలు చేశారు. ఆఖరి రోజు తీసింది భోజనాల సీను. హీరో నన్ను నలుగురిలో ఒక మాట అంటాడు. నేను కంచం ముందు నుంచి లేచి, హాలు దాటి, బెడ్‌రూమ్ తలుపు తోసుకుని లోపలికి వెళతాను. లోపల నా భార్యతో మాట్లాడే భాగం తర్వాత స్టూడియోలో సెట్టు వేసి తీస్తామన్నారు. నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఆ వారంలోనే హీరో ఫైటు చేస్తూ పడి మోకాలు చెడగొట్టుకున్నాడు. షూటింగు నాలుగు నెలలు ఆగిపోయింది.

ఆ నాలుగు నెలల్లోనే మా వాడు తగ్గడం మొదలుపెట్టాడు.

మొదట నేను గమనించలేదు. ఒకరోజు టీకొట్టు దగ్గర వాడికి మెడ ఉన్నట్టు కనిపించింది. అంతకు ముందు వాడి తల నేరుగా భుజాల మీదే ఉండేది. మధ్యలో ఇంత సరంజామా ఉందని నాకూ తెలియదు.

"ఏంట్రా, ఒంట్లో బాగుండట్లేదా?" అని అడిగాను, బాగుండకపోతే బాగుండునన్న ఆశతో.

"మంచిగనే ఉన్న. జర తగ్గుదామని. ఆరు కిలోలు పోయినయ్."

"ఎందుకు?"

"ఊకనే."

ఊరికే ఎవరూ ఆరు కిలోలు పోగొట్టుకోరు. కానీ నేను తరచి అడగలేదు. అడిగితే నాకేదో పట్టింపు ఉన్నట్టు తెలుస్తుంది.

"రోజూ చూసుకుంటున్నావా?"

"రోజెందుకు? శుక్రారం పొద్దుగాల ఒక్కపారి ఎక్కుత. సినిమావోని బతుకు ఏదైనా శుక్రారమే గద తేలేది."

"మధ్యలో చూడాలనిపించదా?"

"అనిపిస్తది. చూడ. రోజూ ఎక్కితే అది నువ్వు తాగిన నీళ్ల ముచ్చట చెప్తది, రాత్రి తిన్న ఉప్పు ముచ్చట చెప్తది. నీ ముచ్చట చెప్పది."

సలహా మంచిదే. కానీ మంచి సలహా లావుపాటివాడు ఇస్తే వినబుద్ధేస్తుంది. మెడ ఉన్నవాడు ఇస్తే పొగరులా ఉంటుంది. ఆ సాయంత్రమే అమీర్‌పేట వెళ్లి మిషను కొన్నాను.

వాడు వారానికి ఒక్కసారి చూసుకుంటాడు కాబట్టి నేను రోజుకి నాలుగుసార్లు చూసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఇందులో తర్కం ఏమిటని ఇప్పుడడిగితే చెప్పలేను గానీ, అప్పుడు అది చాలా గట్టి తర్కంలా ఉండేది. పొద్దున్నే కడుపు ఖాళీ అయ్యాక మార్నింగ్ షో. భోజనానికి ముందు మ్యాట్నీ. సాయంత్రం జూబిలీ హిల్స్ ఎత్తుల్లో నడిచొచ్చాక ఫస్ట్ షో. పడుకునే ముందు సెకండ్ షో. మార్నింగ్ షోకి సూపర్ హిట్టు, మ్యాట్నీకి యావరేజి, సెకండ్ షోకి జనం లేచి వెళ్లిపోయేవారు. అంటే మా ఇంట్లో రోజూ ఒక సినిమా రిలీజై ఆ రాత్రికే పోయేది. అన్నిసార్లు ఓడిపోవడానికి మనిషికి ఓపిక కావాలి. నాకు అసూయ ఉంది గనక ఓపిక విడిగా అక్కర్లేకపోయింది.

మిషనుతో కాపురం చేస్తే దాని గుణాలు తెలుస్తాయి. వంటింటి గుమ్మం దగ్గర గచ్చు కొంచెం పల్లం. అక్కడ పెడితే అరకిలో తక్కువ చూపేది. గడియారం, ఉంగరం, కళ్లజోడు తీసేస్తే ముల్లు కొంచెం వెనక్కి జరిగినట్టుండేది, అయితే కళ్లజోడు తీశాక ముల్లు కనపడేది కాదు. అప్పుడు మా ఆవిణ్ణి పిలిచేవాణ్ణి.

ఆవిడ వంగి చూసి అంకె చెప్పేది. కొన్నాళ్లకి విసుగొచ్చింది.

"ఏవండీ, ఇది ఎక్కితే తగ్గుతారా, దిగితే తగ్గుతారా?"

"చూసుకుంటుంటే అదుపులో ఉంటుంది."

"ఏది, బరువా, మీరా?"

నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. మాట్లాడితే ముల్లు కదులుతుంది.

రెండో నెలలో వాడికి ఎస్సై వేషం వచ్చింది. సినిమాల్లో లావున్నవాడు కానిస్టేబులు, సన్నగా ఉన్నవాడు ఎస్సై. పోలీసు శాఖలో జీవితకాలం పట్టే ప్రమోషను వాడు అన్నం మానేసి తెచ్చుకున్నాడు. ఖాకీ చొక్కా లోపలికి దోపి, నడుముకి బెల్టు పెట్టి తీయించుకున్న ఫోటో తెచ్చి టీకొట్టులో అందరికీ చూపించాడు. అందరూ బాగుందన్నారు. నేనూ అన్నాను. బాగుంది కూడా, అదే బాధ.

నాకు అప్పటికే వాడికన్నా పెద్ద వేషం చేతిలో ఉందని మీరు గుర్తు చెయ్యొచ్చు. మా ఆవిడ కూడా గుర్తు చేసింది. కానీ నా వేషం రెండు నెలలుగా మంచం మీద ఉన్న హీరో మోకాలిలో ఉంది. వాడిది ఒంటి మీద ఉంది. టీకొట్టు అతను వాడికి చక్కెర లేని టీ అడక్కుండానే కలిపిచ్చేవాడు. వీధిలో అమ్మాయిలు అనను గానీ, వీధిలో మగవాళ్లు కూడా వాణ్ణి ఒకసారి వెనక్కి తిరిగి చూసేవాళ్లు.

అక్కడి నుంచి నేను నిజంగా తగ్గడం మొదలుపెట్టాను. రాత్రి పూట అన్నం మానేశాను. పగలు జొన్నరొట్టె ఒకటి, ఆకుకూర. ఆదివారం మా ఇంట్లో కోడి వండితే పులుసు తీసుకుని ముక్క వదిలేసేవాణ్ణి, తర్వాత పులుసు కూడా వదిలేసి వాసన తీసుకునేవాణ్ణి. తొంభై ఎనిమిది నుంచి తొంభై మూడుకి వచ్చాను. మిత్రుడు ఎనభై ఏడంటే నేను ఆ వారం టిఫిన్ మానేశాను. వాడు ఎనభై ఐదంటే మజ్జిగన్నం కూడా మానేశాను.

నేను తగ్గుతున్నానని వాడికి చెప్పలేదు. వాణ్ణి దాటాక చెబుదామనుకున్నాను. వదులు చొక్కాలు తొడుక్కుని వెళ్లేవాణ్ణి. వాడు ఒకసారి నా వంక పైనుంచి కిందికి చూసి, "నువ్వు గూడ తగ్గినట్టున్నవ్" అన్నాడు.

"చొక్కా లూజు" అన్నాను.

వాడు టీ తాగాడు.

హీరో మోకాలు బాగుపడింది. సెట్టు వేశాం రమ్మని కబురొచ్చింది. ఆ పొద్దుటి మార్నింగ్ షోలో ఎనభై ఆరు ఉన్నాను. కాలేజీ రోజుల తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేను. ఎవరో ఒకరు ఆశ్చర్యపోతారని ఆశగా వెళ్లాను.

ఆశ్చర్యపోయారు. కాస్ట్యూమర్ పాత సీనులో నేను వేసుకున్న చొక్కానే తెచ్చి తొడిగి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. "సార్, ఇందులో ఇంకొకరికి చోటుంది" అన్నాడు. అసిస్టెంటు డైరెక్టరు, ఆగిన సీనులో నేనెలా ఉన్నానో తీసి దాచుకున్న కంటిన్యుటీ ఫోటో తెచ్చి నా మొహం పక్కన పెట్టి, ఫోటోనీ నన్నూ మార్చి మార్చి చూసి, డైరెక్టరు గారి దగ్గరికి వెళ్లాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నేను ఆ తలుపు తోసుకుని లోపలికి వెళ్లి ఇంకా అక్కడే ఉన్నానని.

డైరెక్టరు గారు అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది.

"హాల్లోంచి బెడ్‌రూమ్‌లోకి ఎంత దూరం ఉంటుందండీ?" అని అడిగారు.

"నాలుగడుగులు సార్."

"ఆ నాలుగడుగుల్లో ఇంత తగ్గిపోయారా మీరు? మా హీరో అన్న మాట అంత పని చేసిందా?"

ఒంటికి దూది కట్టి చూశారు. పొట్ట వచ్చింది గానీ బుగ్గలు రాలేదు. లావుపాటి ఒంటి మీద ఎవరిదో తల పెట్టినట్టున్నాను. డైరెక్టరు గారు ఆ రోజుకి ప్యాకప్ చెప్పి, నన్ను ఫిల్మ్‌నగర్ ఆఫీసుకి రమ్మన్నారు. అక్కడ నా ముందే కో-డైరెక్టరుతో అన్నారు: "టెస్టులో రెండోవాడు ఒకడున్నాడు కదా, వరంగల్ అబ్బాయి. వాణ్ణి పిలిపించు. బావ సీన్లు తీసింది తక్కువే, మళ్లీ తీసుకుందాం."

ఆయన చూసింది టెస్టు రోజు వాణ్ణి. మనసులో ఇంకా ఆ రూపమే ఉంది. నేను నోరు విప్పి "వాడూ తగ్గాడండీ" అనొచ్చు. అనలేదు. వాడు తగ్గాడన్న మాట నా నోటితో ఎవరికీ చెప్పడం అప్పటికి నాకు అలవాటు కాలేదు.

వరండాలో కూర్చున్నాను. లోపల నా వేషం పోతోంది. మా ఆవిడకి ఏం చెప్పాలో ఆలోచించాల్సింది, మధ్యాహ్నమైంది గదా, మ్యాట్నీ తప్పిపోయిందే అని ఆలోచిస్తున్నాను.

వాడు స్కూటరు మీద వచ్చాడు. ఎస్సై వేషం చూసి పిలిచారనుకున్నాడు కాబోలు, ఇస్త్రీ చొక్కా లోపలికి దోపుకుని, చంకలో ఫోటోల ఆల్బమ్ పెట్టుకుని వచ్చాడు. నన్ను చూసి "నువ్వేం చేస్తున్నవ్ గీడ?" అని లోపలికి వెళ్లాడు. నన్నూ పిలిచారు.

డైరెక్టరు గారు వాణ్ణి చూశారు. నన్ను చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.

"మీరిద్దరూ కూడబలుక్కుని చేశారా ఇది?"

మా వాడికి కొంచెంసేపు అర్థం కాలేదు. కో-డైరెక్టరు చెప్పాడు, బావ వేషం అని. అప్పుడు వాడి మొహంలోంచి ఎస్సై దిగిపోయాడు.

"మొన్నటిదాక ఉన్న సార్ గంత లావు" అన్నాడు నెమ్మదిగా.

డైరెక్టరు గారు నా వైపు తిరిగారు. "మూడు వారాలు టైమిస్తాను. బెడ్‌రూమ్ సీను చివర్లో పెట్టుకుంటాను. పెరగండి. బుగ్గలతో సహా."

ఇద్దరం బయటికొచ్చి స్కూటరు దగ్గర నిలబడ్డాం. వాడు ఆల్బమ్ సీటు మీద పెట్టి దాని వంకే చూస్తూ అన్నాడు:

"నీకు ఆ వేషమొచ్చిన దినమే అన్నం మానేసిన బై. లావుగాళ్ల వేషాలన్నీ ఇగ నీకే అనుకున్న. లావుల నుంచి బయటవడాలె అనుకున్న."

వాడు ఆల్బమ్ మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

"నువ్వు తగ్గుతున్నది గూడ చూసిన. కంటిన్యుటీ పోతదని ఎరుకే నాకు. చెప్పబుద్ధి కాలే."

స్నేహితుడు మరో స్నేహితుడితో ఇలాంటి మాటన్నప్పుడు కోపం రావాలి, లేకపోతే జాలి కలగాలి. రెండింటికీ చోటిచ్చాను. రాలేదు.

"ఎంతున్నవ్ ఇప్పుడు?" అన్నాడు.

మొదటిసారి నిజం చెప్పాను. "ఎనభై ఆరు. నువ్వు?"

"ఎనభై ఒకటి."

కిందటిసారి చెప్పినప్పుడు ఎనభై ఐదు. ఇంకా నాలుగు ఎలా తగ్గాడు, ఏం మానేశాడు, ఎక్కడ నడుస్తున్నాడు అని దారి పొడుగునా లెక్కలు వేసుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆవిడ తలుపు తీసి, వేషం ఉందా పోయిందా అని అడిగింది. పొద్దుటి నుంచి ఆవిడ అన్నం తినలేదట.

"ఎనభై ఒకటట" అన్నాను.