సైరన్ కంటే ముందు దించిన గిన్నెలు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసకు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కూతవేటు దూరంలో ఉండేది. మధ్యాహ్నం బ్లాస్టింగ్‌కు ముందు సైరన్ మోగేది. అది వినగానే ఆడవాళ్లంతా చేతిలో పని వదిలేసి అరల మీది గిన్నెలు, చెంబులు కిందికి దించేవాళ్లు. కాసేపటికి నేల అదిరేది, తలుపులు గడగడలాడేవి, తర్వాత గిన్నెలు మళ్లీ పైకెక్కేవి. మా వరుసలో కొత్త కోడళ్లకు వంట కంటే ముందు నేర్పేది ఇదేనని మా నాయిన ఎగతాళి చేసేవాడు.

అందరిలోకీ మా ఇంటి గిన్నెలకే సొట్టలు ఎక్కువ. దానికి కారణం మా చెల్లెలు. ఏడేళ్లు వచ్చినా దానికి మాట రాలేదు, పిలిస్తే తిరిగి చూసేది కాదు. సైరన్ మోగితే మాత్రం గోడకు తల బాదుకునేది. అందుకని అమ్మ ఆ వేళకు దాన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లి, తలుపులన్నీ మూసి, దుప్పటి కప్పి ఒళ్లో అదుముకుని కూర్చునేది. ఇక గిన్నెల సంగతి ఎవరికి పట్టింది?

నాయిన చెడ్డవాడు కాదు. చెల్లెలి నుదుటి మీది వాపు చూడలేక, దాన్ని పెద్దపల్లి అవతల మా నానమ్మ ఊళ్లో ఉంచేద్దామన్నాడు. అక్కడ సైరన్ ఉండదు కదా. ఎండాకాలం సెలవుల చివర్లో నానమ్మ వచ్చి తీసుకెళ్లేట్టు మాట అయిపోయింది. అమ్మ ఆ రోజే చెల్లెలి బట్టలు మూట కట్టి, అన్నం సరిగ్గా తినడం మానేసింది. నాకైతే నాయిన మీద ఒళ్లు మండిపోయింది.

పక్క క్వార్టర్‌లో, ఉర్దూలో పిన్నమ్మ అనే అర్థంతో మేము ఖాలా అని పిలిచే ఆమె ఉండేది. ఆమె కొడుక్కి మీసాలొచ్చాయి కానీ మాట ముద్దగా ఉండేది, ఏ పనైనా చాలా నిదానం. గోడకు ఇవతల మా చెల్లెలు, అవతల ఆమె కొడుకు. అయినా అమ్మా ఖాలా ఈ పిల్లల గురించి ఎన్నడూ మాట్లాడుకోలేదు. అప్పట్లో అది నోరెత్తే విషయం కాదు.

ఆ మూట సంగతి తెలిసి ఖాలా వచ్చింది. అందరిలా మొక్కులు, తాయెత్తులు చెప్పలేదు. అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నేను గూడ మా పిలగాన్ని గిట్లనే దాచిపెట్టిన చెల్లె. చీకట్ల కూసోబెడితె ఆ మోత ఎందుకొస్తున్నదో పిల్లకు ఎట్ల ఎర్కైతది? సైరన్ కంటె ముందే దానికి పని చెప్పాలె. రోజు నేనొస్త, ఫికర్ చెయ్యకు."

అమ్మ భోరున ఏడ్చింది. అన్నేళ్లలో 'నేను గూడ' అన్న మనిషి అమ్మకు దొరకడం అదే మొదలు.

మర్నాటి నుంచి సైరన్‌కు ముందే ఖాలా, కొడుకూ మా ఇంట్లో ఉండేవాళ్లు. అతను అర మీది గిన్నె తీసి చెల్లెలి చేతికిచ్చేవాడు. దాన్ని చెల్లెలు కింద పెట్టాలి. సైరన్ మోగగానే అది గిన్నె విసిరికొట్టి కేకలు పెట్టేది. మేమంతా గాభరా పడేవాళ్లం. అతను మాత్రం ఇంకో గిన్నె పట్టుకుని అలాగే నిలబడేవాడు. తొందరపెట్టడం అతనికి తెలియదు. మాలో ఎవరికీ లేని గుణం అది. చేతకాదని అమ్మ నీరుగారిపోయిన రోజుల్లో, ఖాలా తన కొడుకు ఎన్ని కుండలు పగలగొట్టాడో చెప్పి నవ్వించేది. అలా అలా ఓ రోజు చెల్లెలు బోర్లించిన గిన్నె మీద అరచేయి పెట్టి, అదురు తెలియగానే కిలకిలా నవ్వింది.

నానమ్మ రానే వచ్చింది. మూట గడప దగ్గరుంది, నాయిన రెండో షిఫ్టుకు పోయే ముందు బస్సెక్కించాలి. ఆ రోజు ఎదురుగాలి ఎంత గట్టిగా వీచిందంటే సైరన్ మా వైపు వినిపించనే లేదు. ఖాలా నానమ్మతో మాటల్లో పడింది. కానీ ఖాలా కొడుకు కనబడటమే చెల్లెలికి సైరన్. గిన్నెలన్నీ దించేసి, బయటికి ఉరికి, మమ్మల్ని చూస్తేనే ముఖం తిప్పుకునే ఎదురింటామె కొంగు పట్టుకుని ఆమె ఇంట్లోని అర వైపు లాగింది. ఆమె కసురుకోబోయింది.

"పిల్ల చెప్తున్నది, దించుండ్రి," అని ఖాలా గట్టిగా అంది.

ఆ మాట క్వార్టర్ల వరుసంతా పాకింది. గిన్నెలు దిగాయో లేదో, నేల అదిరింది. ఏ ఇంట్లోనూ ఒక్క చెంబు పడలేదు. ఎదురింటామె చెల్లెల్ని చంకనెత్తుకుని ఇంటింటికీ చూపించింది. నాయిన మూట విప్పి, బట్టలు తీసి దండెం మీద వేశాడు. నానమ్మ ఒక్కతే బస్సెక్కింది, అదీ నవ్వుకుంటూ.

ఆ వారమే వెనక వరుస నుంచి ఒకామె కొడుకును ఎత్తుకుని వచ్చింది. అలాంటి పిల్లాడు ఉన్నాడని కాలనీలో ఎవరికీ తెలియదు. ఈసారి ఖాలా కంటే ముందు అమ్మే అంది, "నేను గూడ దాచిపెట్టిన అక్క."

ఇప్పుడు ఖాలా లేదు, అమ్మ లేదు. నాకూ చెల్లెలికీ జుట్టు నెరిసింది. ఆదివారం ఆదివారం మా వరండా ఇలాంటి పిల్లలున్న తల్లులతో, తండ్రులతో నిండిపోతుంది. ఈ మధ్య గనిలో డంపర్ లారీ నడిపే ఒక డ్రైవర్ తన పాపను తీసుకొచ్చి, తల దించుకుని కూర్చున్నాడు. మేమూ ఒకప్పుడు చెల్లెల్ని దాచిపెట్టామని అతనితో మొదట చెప్పాను. ఈలోగా చెల్లెలు పాప చేతికి గిన్నె ఇచ్చింది, పాప విసిరేసింది. చెల్లెలు ఇంకోటి పట్టుకుని అలాగే నిలబడింది. వారం వారం అలాగే నిలబడింది.

నిన్న పాప అందుకుంది.