ఎద్దు నమిలిన చీరలో నా తప్పు లేదు

నా పేరు నర్సమ్మ. వయసు డెబ్బై నాలుగు. గద్వాలలో కొడుకు, కోడలు, మనవరాలు సంధ్యతో ఉంటాను. మగ్గాల ఇల్లు మాది. నాకు చదువు రాదు. నేను చెప్తుంటే సంధ్య ఫోనులో రాస్తోంది. ఒక్క మాట కూడా మెత్తగా చేయొద్దన్నాను.

మా చిన్నప్పుడు... పెబ్బేరులో మేనత్త ఇంటికి బాడిగ ఎద్దుల బండిలో పోయేవాళ్లం. కోడి కూయగానే బయలుదేరితే పొద్దుగూకే వేళకు చేరేవాళ్లం. బండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసేవారు. సద్దిమూటలో జొన్నరొట్టెలు, పల్లీల పొడి...

ముందర, బండి తోలే తాత పక్కన, నా తమ్ముడు ఈరన్న. వెనక దుమ్ములో నేను. ఎత్తెక్కే చడావు వస్తే ఎద్దులకు బరువని నాయన, అమ్మ, నేను దిగి నడిచేవాళ్లం. వాడు దిగడు. మగపిల్లాడికి బరువుండదా?

నాకు తొమ్మిదేళ్లప్పుడు మేనత్త కొత్త ఇల్లు కట్టింది. తన చెల్లెలి కోసం నాయన నెలంతా కూర్చొని చీర నేశాడు. ఆకుపచ్చ నూలు, ఎర్ర పట్టంచు. దాన్ని మూట కట్టి నా ఒడిలో పెట్టి "కింద పెట్టకు బిడ్డా" అన్నాడు.

చడావు దగ్గర దిగుతూ మూటను బొంత మీద పెట్టాను. మళ్లీ ఎక్కేసరికి అది తమ్ముడి కింద ఉంది... గడ్డిలో దూర్చి, మెత్తగా ఉందని కూర్చున్నాడు.

"లేవురా, నాయిన చూస్తడు."

"ఇటిక్యాల రాంగనే ఇస్త తియ్యక్కా. జర ఆగు."

ఇటిక్యాలలో బండి ఆగింది. అమ్మ నన్ను నీళ్లకు పంపింది. వాడు ఆటకు ఉరికాడు. తాత గడ్డిని రెండు చేతులా ఎత్తి ఎద్దుల ముందు వేశాడు... మూటతో సహా.

మగ్గం దిగిన చీరకు గంజి వాసన పోదు. నూలుకు గంజి పట్టించే కదా మేం నేసేది! రోజూ కుడితి తాగే ఎద్దుకు ఆ వాసన తెలియదా? నేను బిందెతో వచ్చేసరికి ఎర్రెద్దు సగం చీర నములుతోంది.

"ఒళ్లె పెట్టుకొమ్మంటె ఏడ చూస్తున్నవే?" అని నాయన చెంప మీద కొట్టాడు. తమ్ముడు నా పరికిణీ పట్టుకొని గుంజాడు. "చెప్పకక్కా... నాయిన సంపుతడు." నేను చెప్పలేదు.

ఆ తర్వాత నన్ను బండి ఎక్కించలేదు. వాళ్లు పోతుంటే ఇంట్లో అవ్వతో కూర్చొని మగ్గానికి నూలు కండెలు చుట్టేదాన్ని. వాడు మాత్రం ప్రతిసారీ పోయి, పెబ్బేరు సంతలో చూసిన కోడెల ముచ్చట్లు చెప్పేవాడు. మేనత్త పోయేదాకా ఆ ఇంటి గడప నేను తొక్కలేదు.

అదీ పోనీ అనుకున్నాను. మొన్న మా ఇంట్లో విందుకు చుట్టాలందరూ వచ్చారు. వాళ్ల ముందే ఈరన్న పకపకా నవ్వుతూ, "మా అక్క ఎద్దుకు గద్వాల చీర పెట్టింది!" అన్నాడు. పిల్లలంతా ఒకటే నవ్వు.

"ఎవడు పెట్టిండురా? నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"ముసలిదానివైనవక్కా, నీకు యాది లేదు."

నాకు యాది లేదట! చెంప మీద దెబ్బ నాది, యాది వాడిది!

అప్పుడు వాడి భార్య బాలమ్మే లేచింది. "పెండ్లైన కొత్తల నాతోని చెప్పినవ్ కదా, మూట నేనే తీసిన అని? ఇప్పుడు వదినె మీదికి తోస్తవా?" వాడు తల వంచుకొని చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. తప్పైందని ఇప్పటికీ అనలేదు.

వచ్చే ఆదివారం అందరం కారులో పెబ్బేరు, ఆ ఇంటికే పోతున్నాం. ముందు సీటు నాది. వాడు వెనక కూర్చోవాలి. ఎక్కేముందు పిల్లలందరి ముందు ఆ మూట తీసింది ఎవరో చెప్పాలి.

ఈ రోజుల్లో కారులో గంటలో పోయి దిగుతాం... ఇటిక్యాల ఎప్పుడు దాటిందో ఎవరూ చూడరు. వాణ్ణి దింపి నడిపిద్దామంటే ఆ చడావు కూడా లేదు, రోడ్డేసి చదును చేశారు. నా తప్పు లేదని చెప్దామంటే మేనత్తా లేదు.

మీ ఇళ్లలోనూ తమ్ముడి తప్పు మోసిన అక్కలుంటారు. అడగండి... వాళ్లు చెప్పింది కింద రాయండి. సంధ్య నాకు చదివి వినిపిస్తుంది.

నర్సమ్మ ఎడమ బొటనవేలి ముద్ర (ఫొటోలో ఉంది)
సాక్షులు: మనవరాలు సంధ్య, ఈరన్న భార్య బాలమ్మ