బావ కూర్చున్న చోటు

బిస్కెట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ విభాగంలో అందరికీ ఆమె మిషనక్క. కుట్టుమిషను ఉన్నది ఆమె ఇంట్లోనే మరి. మిగతా ఆడవాళ్ళను సూదిలో దారం ఎక్కించమంటే తలప్రాణం తోకకొచ్చేది.

యాజమాన్యం గేటుకు తాళం వేసిన ఏడాది వాళ్ళంతా రోడ్డు మీద బైఠాయించారు. ఎండ నెత్తి మాడ్చేస్తుంటే, "ఇంటికో గుడ్డ పట్రండే, మిగతాది నేను చూసుకుంటా" అంది మిషనక్క. దుప్పట్లొచ్చాయి, కర్టెన్లొచ్చాయి, పిల్లల గౌన్లొచ్చాయి. ఆమె వంతు మొగుడి నీలిచారల చొక్కా. మంచం పట్టిన మనిషి, తనే ఒంటిమీంచి విప్పి ఇచ్చాడు.

"నేనెలాగూ రాలేను. నా చొక్కా అయినా మీతో కూర్చుంటుంది" అన్నాడు.

ఆ మాట ఆడవాళ్ళందరికీ చెబుతూనే అన్నీ అతికి పందిరంత పరదా కుట్టింది మిషనక్క. సమ్మె గెలవకముందే ఆయన పోయాడు. ఆమె మళ్ళీ ఆ రోడ్డు మొహం చూడలేదు, గేటు తెరిచాకే పనిలోకి వెళ్ళింది. తోటివాళ్ళు ఆమె ముందు ఆయన మాట ఎత్తేవారు కాదు. మరిచిపోయుంటారులే అనుకుని, మనసులో ఆమెకు కాస్త కినుకగానే ఉండేది. పరదా ఏమైందని కూడా అడగలేదు.

ఇన్నేళ్ళకి ఒక చిత్రకారిణి ఆ పరదాను యూనియన్ గోదాములో పట్టింది. ఉద్యమాల్లో వాడిన గుడ్డలూ అట్టలూ పోగేసి కళగా మలచడం ఆ పిల్ల పని. పరదాను పెద్ద ప్రదర్శనశాలలో కడుతున్నారనీ, ఇక శాశ్వతంగా అక్కడే ఉంచేస్తారనీ తెలిసి మిషనక్క గుండె జారిపోయింది. ఇంట్లో ఆయన గుర్తంటూ ఇంకేమీ లేదు. ఫోటోలు సైతం ఓ వానాకాలం తడిసి పాడయ్యాయి. ఆ చొక్కా ముక్క విప్పుకొస్తే చాలనుకుని సంచిలో కత్తెర వేసుకుని బయల్దేరింది.

అక్కడ పరదాను గోడకు తగిలించలేదు. కప్పు నుంచి బాగా కిందికి వేలాడదీసి, కింద చాపలు పరిచారు. చూడవచ్చిన వాళ్ళు ఎంతటివాళ్ళయినా వంగి, కింద కూర్చోవలసిందే. మిషనక్కకు ఆ పిల్ల మీద అప్పుడే ఇష్టం పుట్టింది. అయినా వచ్చిన పని చెప్పేసింది.

ఆ పిల్ల మొహం వాడిపోయింది. కానీ, "మీదే కదక్కా, విప్పుకోండి" అంది.

కత్తెర మొన కుట్టుకు ఆనించిన మిషనక్క ఆగిపోయింది. చొక్కా భుజం నుంచి అంచు దాకా చిరిగి ఉంది. చిరుగు పొడవునా అట్టపెట్టెలు కట్టే పురికొసతో కోడి కెలికినట్టు కుట్లు. ఒక్కోచోట ఒక్కో చేతివి. ఎవరో మహాతల్లి జేబు కూడా మూసి కుట్టేసింది.

"ఇవి నా కుట్లు కావే!"

"మీరు రాని రోజుల్లో గాలికి చిరిగిందట. వేరే గుడ్డ వేద్దామంటే ఆడవాళ్ళు ఒప్పుకోలేదని యూనియన్ వాచ్‌మన్ చెప్పాడు. అది బావ కూర్చున్న చోటు, ఇంకొకరి గుడ్డ పడదన్నారట. తలో నాలుగు పోట్లూ వాళ్ళే పొడిచారట."

మిషనక్క చాప మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఇంతమంది ఆయన్ని ఇలా పట్టుకుని ఉంటే, తానొక్కతే మోస్తున్నాననుకుంది ఇన్నాళ్ళూ. వాళ్ళ రుణం ఏమిచ్చినా తీరదనిపించింది.

కళ్ళు తుడుచుకుని, ప్యాకింగులో తన పక్కన కూర్చునే స్నేహితురాలికి ఫోన్ చేసింది.

"ఒసే, రేపు అందరూ కలిసి ఇక్కడికి రండి. బావ చొక్కాకి మీరేసిన కుట్లు చూశాను."

"బాగా రాలేదు కదక్కా?" అంది ఆవిడ భయంభయంగా.

"చండాలంగా ఉన్నాయి" అంది మిషనక్క. "ఒక్కటి కూడా విప్పను."