నీళ్లు కారిన ఫిరంగి

నేను చేసిన ఫిరంగి పేలినప్పుడు ఖరగ్‌పూర్ సుభాష్‌పల్లిలో కిటికీ అద్దాలు గలగల్లాడాయి. ఇందా పేటలో ఒక బస్సు డ్రైవరు టైరు పగిలిందనుకుని బండి ఆపి దిగాడు. ఝపటాపూర్‌లో ఒక ఆవు ఆ పూట పాలివ్వలేదు. మా మనవలకు ఏళ్ల తరబడి ఇదే చెబుతూ వచ్చాను. చెప్పగా చెప్పగా ఆవులు మూడయ్యాయి. ఈమధ్య పెద్ద మనవరాలు, "ఆ మూడూ ఎవరి ఆవులు తాతా?" అని నిలదీసింది. దొరికిపోయాను. అందుకని ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను, నాకు చేతనైనంత మేరకు.

ఎనభైల నడిమి మాట. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో టర్నర్‌ని. లేతు మీద ఇనుమును వెన్నలా చెక్కుతానని నాకు పేరు. ఆ పేరు పెట్టిందీ నేనే అనుకోండి. మా పేట దుర్గాపూజ కమిటీకి సెక్రటరీ ఒక బెంగాలీ దాదా, మా షాపులోనే గుమాస్తా. ఒకరోజు టీ తాగుతూ వాళ్ల ఊరి జమీందారు ఇంటి పూజ గురించి చెప్పాడు. అష్టమి వెళ్లి నవమి వచ్చే ఘడియలో సంధిపూజ చేస్తారట. ఆ ఘడియ వచ్చిందని చుట్టుపక్కల ఊళ్లకు తెలియడానికి ఫిరంగి పేలుస్తారట.

"మన పండాల్‌లో అన్నీ ఉన్నాయి. తోప్ ఒక్కటే లేదు," అని నిట్టూర్చాడు.

"అదెంత పని దాదా! మాది బొబ్బిలి. మా ముత్తాత కోటలో ఫిరంగులు పేల్చినవాడు. నేను చేసిస్తాను," అన్నాను.

మా ముత్తాత బొబ్బిలి సంతలో బెల్లం అమ్మేవాడు. కోటను బయటి నుంచి చూసి ఉంటాడు. ఆ మాట సర్దుకునే లోపే దాదా నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మర్నాడు మైకులో కూడా చెప్పించేశాడు: ఈసారి సంధిపూజకు తోప్, మన తెలుగు మిస్త్రీ చేతిపని! ఇక అది పేలకపోతే నేను ఆ పేటలో తలెత్తుకుని తిరగలేను.

గోల్ బజారు పాతినుప కొట్లో మూరెడు పైపు కొన్నాను. దానికో కొస మూయాలి. వెల్డింగ్ నా పని కాదు, వెల్డర్‌ని పిలవాలి. పిలిస్తే పేరులో అతనికీ వాటా పోతుంది. అందుకని గ్రిల్లులు చేసే కొట్లో మిషన్ అడిగి తీసుకుని నేనే అతికేశాను. అతుకు మీద నల్లరంగు దట్టంగా పట్టించాను. చక్రాలు బిగించి, వ్యాగన్ మీద రాసినట్టు తెల్లరంగుతో ఖాళీ బరువు, తయారైన తేదీ రాశాను. అంత ముచ్చటైన వస్తువు మీద మా ఆవిడ తడి తువ్వాలు ఆరేసింది.

పండక్కి మా మావయ్య వచ్చాడు. బాయిలర్ షాపులో పనిచేసి రిటైరైనవాడు. వస్తూనే తువ్వాలు తీసి, వేలి కణుపుతో పైపు మీద కొట్టి చూశాడు.

"అల్లుడుగోరూ, ఇదేటి?"

"ఫిరంగి మావయ్యా."

"అది కనిపిస్తంది. టెస్టు సేసినారా?"

"పేల్చి చూస్తే అదే టెస్టు."

మావయ్య మా ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, మీ ఆయన సేతులు రెండూ ఓపాలి బాగా సూసుకో. పండగయ్యాక ఉంటాయో నేదో."

బాయిలర్‌కి ఆవిరి పట్టే ముందు నీళ్లు నింపి, పంపుతో ఒత్తిడి పెంచుతారు. ఎక్కడైనా లోపముంటే నీళ్లు అక్కడ కారి ఊరుకుంటాయి. ఆవిరి ఊరుకోదు, ఫిరంగిలో కూరే మందూ ఊరుకోదు. మావయ్య ఉద్యోగమంతా ఆ నీటిచుక్కను వెతకడంలోనే గడిచింది.

ఆ ఏడు సంధి ఘడియ మధ్యాహ్నం పడింది. పొద్దున్నే ఆయన పైపుల పనివాడి దగ్గర ఒత్తిడి పెట్టే చేతిపంపు అడిగి తెచ్చాడు.

"మావయ్యా, కమిటీకి మాటిచ్చినాను. మీరు సరే అంటే చాలు."

"నాను ఒప్పుకుంటే సాలదు. నీరు ఒప్పుకోవాల."

ఫిరంగిలో నీళ్లు నింపి, మూతి బిగించి నాలుగుసార్లు పంపు కొట్టాడో లేదో, నా నల్లరంగు పొక్కులా ఉబ్బి, వెంట్రుకంత నీటిధార చివ్వున లేచి మావయ్య కళ్లద్దాల మీద పడింది. ఆయన అద్దాలు తుడుచుకుంటూ సంబరపడిపోయాడు.

"వచ్చినాది! అల్లుడుగోరూ, నిప్పు ముట్టించేటప్పుడు మీరెక్కడ నిల్చుంటారు?"

చూపించాను. సరిగ్గా ఆ ధార పడిన చోటే. దాదా తెచ్చిచ్చిన మందు పొట్లాన్ని మావయ్య నా చేతే బకెట్ నీళ్లలో వేయించాడు.

ఉత్త చేతులతో పండాల్‌కి వెళ్లాను. జనం అప్పటికే చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడ్డారు.

"తోప్ కొథాయ్?" ఫిరంగేదీ అంటూ దాదా పరుగెత్తుకొచ్చాడు. సంగతి చెప్పాను. ముఖం మాడ్చుకుని మైకు నా చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పుకో!"

"తోప్... టెస్టులో ఫెయిల్," అన్నాను. కళ్లు మూసుకుని ఈలల కోసం ఎదురుచూశాను.

ఈలలు రాలేదు. సగం మంది వర్క్‌షాపు వాళ్లు. చెవుల్లోంచి వేళ్లు తీసి, "ఎంత ప్రెషర్‌కి?" అన్నాడొకడు. "లీకెక్కడ? అతుకులోనా?" అన్నాడింకొకడు. ఆసుపత్రిలో రోగిని పరామర్శించినట్టే. టెస్టులో నెగ్గని బండిని షాపు దాటించరని అందరికీ తెలుసు. నా పరువు దక్కినట్టే ఉంది. అంతలో మా తెలుగు వెల్డర్ ఒకతను ముందుకొచ్చాడు.

"ఎవుడ్రా ఆ వెల్డు కొట్టినోడు?"

గ్రిల్లుల కొట్టువాడి మీదకు తోసేద్దామని నోరు తెరిచాను. ఎదురుగా మావయ్య నిలబడి ఉన్నాడు.

"నేనే," అన్నాను. అదీ మైకులోనే వినిపించింది.

"టర్నర్ వెల్డు కొడితే నీరు కారక పాలు కార్తాయేటి!"

పండాలంతా నవ్వింది. మావయ్య అందరికన్నా గట్టిగా నవ్వాడు. పురోహితుడు ఘడియ దాటిపోతోందని కేకలేస్తే గానీ ఎవరూ అటు తిరగలేదు. దాదా నా చేతులు రెండూ తీసుకుని, తిరగేసి మరగేసి చూసి, "ఠీక్ ఆఛే," బాగానే ఉన్నాయని వాటిలో అగ్గిపెట్టె పెట్టాడు. దీపాలు ముట్టించమని.

సంధిపూజకి నూట ఎనిమిది దీపాలు. అందులో నేను ముట్టించినవి పదకొండు. ఇరవై అని రాయబోయి ఆగాను.