ఎర్రగుడ్డ పుల్లలు

"ముందు నీళ్ళు తాగమ్మా, తర్వాత నవ్వుకో. రెండూ ఒకేసారి చేస్తే పొరపోతుంది," అన్నాడు కండక్టరు.

జిరాక్సు షాపావిడ గ్లాసు పక్కన పెట్టింది. నిజానికి ఆవిడ నవ్వడానికి రాలేదు. ఊరి చివరి పార్కులో సెలవు రోజుల్లో పిట్టలకి కాపలా కాసే వాలంటీర్లలో ఆవిడ కొత్తగా చేరింది. "కండక్టర్ని వాలంటీర్లలోంచి తీసేశాం, వెళ్ళి ఆయన కోటూ టోపీ పట్టుకురా," అని సూపర్వైజరు పంపితే వచ్చింది. నవ్వించింది వంటగదిలో ఉన్న కండక్టరు భార్య.

"కాకుల్ని విందుకు పిలిచిన మనిషమ్మా మీ బాబాయి. పాపం దారి తెలీదేమోనని నా ఎర్ర చీర చింపి జెండాలు కూడా కట్టాడు."

"పాత చీరే కదే."

"పాతదెలా అవుతుంది? కట్టుకుని వెళ్ళేచోటికి నువ్వెప్పుడు తీసుకెళ్ళావు గనక?"

ఆవిడకి మళ్ళీ నవ్వొచ్చింది. కండక్టరు మాత్రం తలుపు వెనక కొక్కేనికి తగిలించిన ఆకుపచ్చ కోటు వైపు చూస్తున్నాడు.

"అసలేం జరిగింది బాబాయ్? అక్కడ తలొకలా చెప్తున్నారు," అంది ఆవిడ కుర్చీ ముందుకి లాక్కుని.

బస్సులో "ముందుకి జరగండి" అని అరిచీ అరిచీ గొంతు బొంగురుపోయిన మనిషి ఆయన. ఉద్యోగం అయిపోయాక, మోకాళ్ళ కోసం పార్కులో నడవడం మొదలుపెట్టాడు. చెట్లు చిగుళ్ళు వేస్తున్న రోజులు. చెరువు పక్క రాళ్ళ నేల మీద ఒక తీతువు నెత్తిన పిడుగు పడ్డట్టు అరుస్తూ ఆయన చుట్టూ తిరిగింది. కిందికి చూస్తే బూటుకి జానెడు దూరంలో గుడ్లు. తీతువు గూడు అల్లదు. గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళలాంటి గుడ్లే పెట్టి, ఇక ఎండలో కూర్చుంటుంది. వాటిని చూడక నడిచేవాళ్ళు తొక్కేస్తున్నారు.

కండక్టరు బుర్రకి తోచింది కండక్టరు ఉపాయమే. సీటు మీద రుమాలు వేస్తే ఎవరూ కూర్చోరు. గూటి చుట్టూ నాలుగు పుల్లలు పాతి, వాటికి ఎర్రగుడ్డ పీలికలు కట్టాడు. జనం పక్కనుంచి పోవడం మొదలుపెట్టారు. సూపర్వైజరు భుజం తట్టి, పార్కులో నేల మీద గుడ్లు పెట్టే ప్రతి పిట్టకీ అలాగే పాతించాడు. కండక్టరు ఫొటో గేటు దగ్గర బోర్డెక్కింది.

"దానికి లామినేషన్ చేసింది నేనే," అంది ఆవిడ.

"తెలుసు. మూతి వంకరగా వచ్చింది."

"మూతి మీదే బాబాయ్, నాదేముంది."

లోపల్నుంచి భార్య పకపకా నవ్వింది.

తర్వాత గూళ్ళు ఖాళీ అవడం మొదలైంది. ముంగిస అన్నారు, పాము అన్నారు. కండక్టరు ఇంకా దగ్గర దగ్గరగా పుల్లలు పాతాడు, మరికాస్త పెద్ద గుడ్డలు కట్టాడు. ఒక పొద్దున బెంచీ మీద కూర్చుని ఉండగా కాకి వచ్చింది. ఎగురుతూ కాదు, నడుచుకుంటూ. టికెట్టు కొన్నవాడిలా తీరిగ్గా మొదటి ఎర్రగుడ్డ దగ్గర ఆగింది, గుడ్లు తిన్నది, రెండోదాని దగ్గరకి వెళ్ళింది.

"స్టాపు స్టాపుకీ ఆగిందమ్మా. చెరువు పక్క దాంట్లో పిల్ల అప్పుడే పెంకు పగలగొట్టుకుని తల బయట పెట్టింది. ఆ తలే పట్టుకుని లాగింది. తల్లి రెక్క విరిగినట్టు నేల మీద పొర్లాడుతోంది, నా వెంట పడు, నా వెంట పడు అని. కాకి దానివైపు చూస్తేగా. నేను లేచేసరికి అయిపోయింది. కాళ్ళు కాస్త ఆలస్యంగా కదులుతాయి నాకు."

వంటగదిలో గిన్నెల చప్పుడు ఆగింది.

ఆయన అదే పూట పార్కంతా తిరిగి పుల్లలన్నీ పీకేశాడు. మర్నాడు పరుగు పందెం ప్రాక్టీసుకి వచ్చిన గుంపు మిగిలిన గూళ్ళ మీదనుంచే పోయింది. బూట్ల కింద పచ్చసొన చూసి ఒకతను మట్టికి రాసి తుడుచుకున్నాడు. ఉంచితే కాకి, పీకితే బూటు.

సూపర్వైజరు ఆయన్ని అందరి ముందూ నిలబెట్టాడు. "కాకి గుడ్డల్ని చూసి వచ్చిందా? రేపు బస్సు నంబరు కూడా చదువుతుందంటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. బోర్డు మీద ఫొటో పీకించాడు. వెనక అంటించిన గమ్ము మరక ఇంకా ఉంది. దాని మీద ఎవరో కాకి బొమ్మ గీశారు.

"అది నేనూ చూశాను," అంది ఆవిడ. అప్పుడు తనూ నవ్విన సంగతి చెప్పలేదు.

కండక్టరు లేచి కోటు తీసి, జేబులు తడిమి, మడతపెట్టి ఇచ్చాడు. టోపీ దాని మీద పెట్టాడు. తర్వాత మంచం కిందికి వంగి పుల్లల కట్ట లాగాడు. ఎర్రగుడ్డలు విప్పలేదు.

"ఒక తీతువు మళ్ళీ పెట్టింది. ఈ వసంతానికి అదొక్కటే. మనిషి అడుగు పడని చోట. నాకు గేటు లోపల అడుగుపెట్టే వీల్లేదు కాబట్టి, ఇక దాన్ని చూసే కళ్ళే లేవు."

"ఎక్కడ బాబాయ్?"

"చెప్పను. చెప్తే అటు చూస్తావు. నువ్వు చూసే చోటికే కాకి చూస్తుంది."

భార్య గుమ్మంలోకి వచ్చి చెంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇవి తీసుకెళ్ళి పార్కు అవతలి చివర, ఏమీ లేని నేలలో పాతు. కాకి అక్కడే వెతుక్కుంటుంది కొన్నాళ్ళు. ఎవరన్నా అడిగితే, ముసలాడు గోడ దూకొచ్చి మళ్ళీ పాతిపోయాడని చెప్పు. అందరూ నవ్వుతారు," అంటూ కండక్టరు పుల్లల కట్టని ఆవిడ చంకలోకి తోశాడు. "నువ్వూ నవ్వాలి. నవ్వకపోతే కనిపెట్టేస్తారు. వెళ్ళు, ఎండెక్కుతోంది."