హవల్దార్ యూసుఫ్ చివరి ప్రయాణం

సరిహద్దులో జరిగిన ఫిరంగి కాల్పుల్లో మా తమ్ముడు హవల్దార్ యూసుఫ్ అమరుడయ్యాడన్న దుర్వార్త మొన్న శుక్రవారం తిరుమలగిరిలోని మా ఇంటికి వచ్చింది. ఫోన్ నేనే ఎత్తాను. ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు చెబుతున్నవాణ్ణి, ఆ ఒక్క వాక్యం అమ్మీకి చెప్పడానికి నోరు పెగల్లేదు. నా ముఖం చూసే ఆమె గ్రహించింది. "నా చేతులతోనే విప్పిన" అంటూ కూలబడింది.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. దూరప్రయాణానికి బయలుదేరేవారి కుడి దండచేతికి మా ఇళ్లలో ఇమామ్ జామిన్ కడతారు. గుడ్డలో నాణెం చుట్టి కట్టే రక్ష అది. గమ్యం చేరాకే విప్పి, ఆ నాణెం పేదలకిస్తారు.

చిన్నతనంలో యూసుఫ్ ఆలస్యానికి మారుపేరు. సైన్యం వాణ్ణి ఎంత మార్చిందంటే, సెలవుల్లో దావత్‌కు పిలిస్తే వంటవాళ్లు పొయ్యి వెలిగించకముందే వెళ్లి కూర్చునేవాడు. అలాంటివాణ్ణి ఈసారి యుద్ధమే ఆలస్యం చేసింది.

ఇంటికొచ్చి ఉండగా సెలవు రద్దయింది, వెంటనే రమ్మన్నారు. అమ్మీ రక్ష కట్టి పంపింది. స్టేషన్‌కు వెళ్తే ఉత్తరాదికి రైళ్లు లేవు. అక్కడి విమానాశ్రయాలూ మూసేశారు. వాడు తిరిగొచ్చేసరికి అమ్మీకి పట్టరాని సంతోషం. బిడ్డ ఇల్లు చేరాడన్న సంబరంలో రక్ష విప్పి, నాణెం గుమ్మంలోని ఫకీరుకిచ్చేసింది. అది చూసి మా మేనత్త కొయ్యబారిపోయింది.

"ఏం జేసినవ్ భాబీ? సఫర్ ఇంకా షురూనే కాలే!"

ప్రయాణం మొదలవకుండానే రక్ష విప్పడం అశుభమని అప్పటినుంచి ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. సైరన్ల అభ్యాసాలు, వీధి చివర సైనిక లారీల రొద. యూసుఫ్ సంచి భుజాన వేసుకుని రోజూ స్టేషన్‌కు వెళ్లొచ్చేవాడు.

"ఏందిరా, నువ్వొచ్చేదాంక లడాయి ఆగదా?" అని ఆటపట్టించాను.

వాడు నవ్వలేదు. "లడాయి కాదన్నా. నా జాగల ఇంకొకడు నిలబడ్డడు. వానికి సుత అమ్మ ఉంటది."

ఒక ఉదయం స్టేషన్ నుంచే ఫోన్ చేశాడు. "అన్నా, బండి దొరికింది, ఎక్కుతున్న." బండి దొరికాకే కడతానని దాచిన కొత్త రక్ష పట్టుకుని అమ్మీ నాతో ఆటో ఎక్కింది. మోండా మార్కెట్ దగ్గర రద్దీలో ఇరుక్కుపోయాం. చేరేసరికి రైలు వెళ్లిపోయింది.

వాడి పార్థివదేహం వెంట వరంగల్ వైపు సిపాయి ఒకతను వచ్చాడు. అమ్మీ కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఆడ పైన కాపలాల ఉండాల్సింది నేనే. భాయ్ ఒచ్చుడొచ్చుడే నా జాగల నిలబడ్డడు. 'నా పని సుత నువ్వే జేసినవ్, ఇగ పోయి జెర పండుకో' అన్నడు. నేను కిందికి దిగిన..."

అమ్మీ ఏమంటుందోనని మాకు భయం పట్టుకుంది.

"అంటే చేరిండు కదా బిడ్డా?"

"చేరిండమ్మా."

"ఏమన్న తిన్నడా?"

"నేను దిగే ముందు నా డబ్బాల రొట్టె ఇద్దరం తిన్నమమ్మా."

అమ్మీ అతని తల ఒళ్లోకి తీసుకుంది.

నాయనా యూసుఫ్, కర్తవ్యం కంటే ప్రాణం చిన్నదనుకున్న నీ ధీరత్వానికి శిరసు వంచి సలాం చేస్తున్నాను. నీ లోటు ఈ జన్మకు తీరదు. నువ్వు గమ్యం చేరావని ఆ సిపాయి చెప్పాక అమ్మీ తనను తాను తిట్టుకోవడం మానేసింది. ఏడవడం మాత్రం మానలేదు. మేమూ మానలేదు.