ముప్పయ్యో నిమిషం

మా మేడం పోయారు. బుధవారం పొద్దున ల్యాబ్ నుంచి ఫోన్ చేసి చెప్పారు. రిసీవరు గోడకేసి కొట్టాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోవాళ్లకు తెలుసు.

పొలాల నుంచి గాలిలోకి ఏ వాయువు ఎంత పోతుందో కొలవడం ఆవిడ పని. యూరియా చల్లితే అంతా పైరుకే అందుతుందని అనుకుంటాం. కొంత మట్టిలోని సూక్ష్మజీవుల పాలై, నైట్రస్ ఆక్సైడ్‌గా మారి పైకి లేస్తుంది, భూమిని వేడెక్కిస్తుంది. మన నేలల్లో ఆ లెక్క సరిగ్గా తేలలేదని ఆవిడకు బాధగా ఉండేది. తొంభైల్లో నేను ఆవిడ దగ్గర ఫీల్డ్ అసిస్టెంటును. నగరం అంచున కాడుగోడి దాటాక ఒక రాగిచేనులో, మట్టి నుంచి లేచే వాయువును పట్టడానికి ఆరు పెట్టెలు బోర్లించేవాళ్లం. మూసిన క్షణాన ఒకసారి, తర్వాత పదో నిమిషం, ఇరవయ్యో నిమిషం, ముప్పయ్యో నిమిషం సిరంజితో లోపలి గాలి తీయాలి. ఒక్క నిమిషం తప్పినా నాలుగూ పారేయించేవారు. "గాలికి మొహమాటం లేదప్పా, మనకెందుకు?" అనేవారు.

పశువులు పెట్టెల్ని తొక్కుతున్నాయని ఒకరోజు చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టాను. మేడంను అడగలేదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల లేఔట్లకనీ ఫ్యాక్టరీలకనీ భూములు తీసుకుంటున్నారు. సర్వేవాళ్లు దిగిన చేలో ముందు కనబడేది ఎర్రగుడ్డే. అనంతపురం నుంచి వచ్చిన నాకు ఆ సంగతి తట్టలేదు.

మరునాడు పొద్దున పెట్టెలు మూసి ఇరవై నిమిషాలు దాటింది. చేని రైతు పార పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, వెనకే ఆయన తమ్ముళ్లిద్దరు.

"గాలి కొలుస్తామని చెప్పి నేల కొలుస్తా ఉండారా? గుడ్డ కట్టినోడు ఎవుడు?"

నేను నోరు తెరిచేలోగా మేడం "నేనే కట్టినానప్పా" అన్నారు.

పార పెట్టెల మీద పడింది. ఐదు పగిలాయి. తమ్ముళ్లు నన్ను కింద పడేసి డొక్కలో తన్నారు. అడ్డం వచ్చిన మేడంకు పార అంచు తగిలి ఎడమ చెవి చీలింది. నెత్తురు మెడ మీదుగా కారి చీర తడిసింది. ఆడమనిషి నెత్తురు చూసి తమ్ముళ్లు వెనక్కి తగ్గారు. నాకు మాత్రం ఒళ్లు తెలియలేదు. పార లాక్కుని, రైతును పడేసి, ఛాతీ మీద కాలు పెట్టి, తలకు గురిచూసి ఎత్తాను. బెదిరించడానికి కాదు, చంపడానికే ఎత్తాను.

"ముప్పయ్యో నిమిషం," అన్నారు మేడం, ఒక చేత్తో చెవి పట్టుకుని, రెండో చేతి వాచీ చూస్తూ. "ఒక పెట్టె మిగిలి ఉండాది. సిరంజి పట్టప్పా."

రోజూ వినే మాట. నా చేతులు పార వదిలేశాయి. సిరంజి అందుకుని ఆ పెట్టెలోంచి గాలి తీశాను. ఆ మాట ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే ఇవాళ ఇది జైల్లో కూర్చుని రాస్తుండేవాణ్ణి.

ఆవిడ పోలీసు కేసు పెట్టలేదు. ఆఫీసు విచారణలో కూడా గుడ్డలు తానే కట్టానని రాసిచ్చారు. నా ఉద్యోగం నిలిచింది, ఆవిడకు ఆ చెవి వినబడకుండా పోయింది. "మీటింగుల్లో డైరెక్టరును ఈ పక్కనే కూర్చోబెట్టుకుంటా" అని నవ్వేవారు. కుట్లు విప్పిన వారానికే కొత్త పెట్టెలతో ఆ చేనుకే వెళ్లి, తన వాచీ తీసి రైతు చేతికి పెట్టారు. "ఇంక టైము నువ్వే చెప్పు," అన్నారు. చేను అపార్ట్‌మెంట్లయ్యేదాకా ఆయనే చెప్పాడు.

"మేడం ఆ గుడ్డ కట్టకుండా ఉండింటే నా చెయ్యి లేచేదా?" అని కనబడినప్పుడల్లా అనేవాడు. పదేళ్లు విన్నాను. పిరికివాణ్ణి, ఒక్కసారి కూడా నోరు విప్పలేదు.

శ్మశానంలో మేడంను లోపల పెట్టి కరెంటు కొలిమి తలుపు మూశాక బయటికొచ్చాం. ముసలివాడైపోయిన రైతు నా పక్కన నిలబడి మళ్లీ అదే మాట అన్నాడు.

"కట్టింది నేను," అన్నాను. "మేడం కాదు."

ఆయన నా కాలరు పట్టుకున్నాడు. రెండో చెయ్యి లేచింది. కొట్టాలనే కోరుకున్నాను. లేచిన చేతికి మేడం వాచీ ఉంది. ఆయన చూపు దాని మీద ఆగింది.

"తలుపు మూసి పదో నిమిషం," అన్నాడు.

కొలిమి గొట్టం నుంచి పొగ లేస్తోంది. ఇరవయ్యో నిమిషమూ చెప్పాడు, ముప్పయ్యోదీ చెప్పాడు. అంతసేపూ నా కాలరు ఆయన పిడికిట్లోనే ఉంది.